చర్చి అయ్యగారి చేతికి పోలీసులు: సౌత్ యార్క్‌షైర్ అనుభవం

(సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా అండీ? సరే. నన్ను పోలీసు సంస్కరణల మీద మాట్లాడమన్నారు. ఆ మాట చెవిన పడితే చాలు, సగంమందికి ఆవులింతలొస్తాయి. అందుకని సంస్కరణల జోలికి పోకుండా ఒక మనిషి గురించి చెప్తాను. ఆయన పేరు అలన్ బిల్లింగ్స్. ఇంగ్లండ్‌లో సౌత్ యార్క్‌షైర్ అనే ప్రాంతానికి పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్‌గా దాదాపు పదేళ్ళు పనిచేశాడు. పీసీసీ అంటారు. మనకి పీసీసీ అంటే కాంగ్రెస్ ఆఫీసు గుర్తొస్తుంది, అది కాదు. విజయవాడ పోలీస్ కమిషనర్ లాంటి ఐపీఎస్ అధికారీ కాదు. ఈయన ఒంటి మీద యూనిఫాం ఉండదు, నడుముకి తుపాకీ ఉండదు. జనం ఓటేసి గెలిపించిన రాజకీయ నాయకుడు.

ఇంకో తమాషా ఏంటంటే ఈయన చర్చి ఫాదర్. మన సీఎస్ఐ చర్చిల్లో "అయ్యగారు" అంటామే, అలాంటి ఆంగ్లికన్ అయ్యగారు. చర్చి అయ్యగారికి పోలీసులెలా అప్పగించారు అని మీకు అనుమానం రావాలి. అది చెప్పాలంటే ముందు ఆ కుర్చీ సంగతి చెప్పాలి.

2011లో బ్రిటన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అంతకుముందు ఒక్కో పోలీసు దళం మీద పోలీస్ అథారిటీ అని ఒక కమిటీ ఉండేది, కౌన్సిలర్లు, బయటివాళ్ళు కలిసి మామూలుగా పదిహేడు మంది. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలిసేవి కావు. ఆ కమిటీలు తీసేసి, వాటి బదులు ప్రతి ప్రాంతానికీ ఒక్క మనిషిని ప్రజలే ఎన్నుకోవాలన్నారు. ఆ మనిషి ఏం చెయ్యొచ్చు? చీఫ్ కానిస్టేబుల్‌ను నియమించొచ్చు. చీఫ్ కానిస్టేబుల్ అంటే హెడ్ కానిస్టేబుల్ అనుకునేరు, ఆ దళం మొత్తానికి పెద్ద, మన డీజీపీ లాంటివాడు. ఆయన్ని సస్పెండ్ చెయ్యొచ్చు, రాజీనామా చెయ్యమనొచ్చు. బడ్జెట్ ఖరారు చెయ్యొచ్చు, ఇంటిపన్నులో పోలీసుల వాటా ఎంతో తేల్చొచ్చు. కానీ ఫలానావాణ్ణి అరెస్టు చెయ్యి, ఫలానావాణ్ణి వదిలెయ్యి అని మాత్రం అనకూడదు. అది పూర్తిగా చీఫ్ చేతిలోనే ఉంటుంది. నవ్వుతున్నారెందుకండీ? ఇక్కడ సీఐ గారికి ఎమ్మెల్యే గారి ఫోన్లు గుర్తొచ్చాయా?

2012 నవంబర్ 15న మొదటి ఎన్నికలు జరిగాయి, నలభై ఒక్క మంది కమిషనర్ల కోసం. పోలింగ్ ఎంతో ఊహించండి. నలభై? ముప్పై? పదిహేను శాతం! వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక పోలింగ్ బూత్‌లోనైతే ఒక్క ఓటూ పడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. చలికాలం నవంబర్, ప్రచారం లేదు, ఇంటింటికీ కరపత్రాలు పంపడానికి ప్రభుత్వం డబ్బివ్వలేదు, అసలు ఈ పదవేంటో జనానికి తెలియదు. అభ్యర్థి డిపాజిట్ మాత్రం ఐదు వేల పౌండ్లు.

సౌత్ యార్క్‌షైర్‌లో ఆ రోజు గెలిచింది బిల్లింగ్స్ కాదు. లేబర్ పార్టీ నుంచి షాన్ రైట్ అనే ఆయన. షెఫీల్డ్, రాథరం, బార్న్స్‌లీ, డాంకాస్టర్ ఊళ్ళన్నీ కలిపి సౌత్ యార్క్‌షైర్. బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీల నేల, లేబర్ కంచుకోట. రైట్ రాథరం కౌన్సిలర్. 2005 నుంచి 2010 దాకా ఆ కౌన్సిల్‌లో పిల్లల సంక్షేమం చూసే బాధ్యత ఆయనదే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

2014 ఆగస్టు 26న ప్రొఫెసర్ అలెక్సిస్ జే రిపోర్టు బయటికొచ్చింది. 1997 నుంచి 2013 మధ్య ఒక్క రాథరంలోనే, తక్కువలో తక్కువ లెక్కేసినా, 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని అందులో రాశారు. పదకొండేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. నేరస్థుల్లో ఎక్కువమంది పాకిస్తానీ మూలాలున్నవాళ్ళనీ, జాతివివక్ష అంటారేమోనని కొందరు ఉద్యోగులు వెనకాడారనీ రిపోర్టులో ఉంది. ఇక్కడ ఈ ఒక్క ముక్కే పట్టుకుని వాట్సాప్‌లో తిప్పారు, నాకూ వచ్చింది. అదే రిపోర్టులో ఇంకో ముక్క కూడా ఉందండీ. ఆ అమ్మాయిలు పేద ఇళ్ళవాళ్ళనీ, చాలామంది పిల్లల్ని పోలీసులు చులకనగా చూశారనీ, బాధితులుగా లెక్కలోకే తీసుకోలేదనీ. అది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. 2002 నుంచి వరసగా హెచ్చరికల రిపోర్టులొచ్చాయి, ఎవరూ పట్టించుకోలేదు.

మరి ఆ ఐదేళ్ళూ పిల్లల బాధ్యత చూసిన మనిషి ఇప్పుడెక్కడున్నాడు? పోలీసుల మీద పెద్దగా కూర్చుని ఉన్నాడు! కౌన్సిల్ నాయకుడు రిపోర్టొచ్చిన రోజే రాజీనామా చేశాడు. రైట్ చెయ్యలేదు. ఇంత పెద్ద ఎత్తున జరుగుతోందని నాకు తెలియదన్నాడు. హోం మంత్రి థెరిసా మే దిగిపొమ్మంది. ప్రధాని కామెరాన్ దిగిపొమ్మన్నాడు. సొంత పార్టీ దిగకపోతే సస్పెండ్ చేస్తామంది, ఆయన పార్టీకే దణ్ణం పెట్టి ఇండిపెండెంట్‌గా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన డిప్యూటీ రాజీనామా చేసింది. ఆయన మాత్రం కదలలేదు.

ఎందుకు కదలలేదు? కదిలించే అధికారం ఎవరికీ లేదు కాబట్టి! లాయర్లు ముందు వరసలో ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కమిషనర్‌ను గమనిస్తూ ఉండటానికి కౌన్సిలర్లతో పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్ అని ఒకటి ఉంటుంది. ఆ ప్యానెల్ ప్రశ్నలడగొచ్చు. పన్ను పెంపునో, చీఫ్ నియామకాన్నో మూడింట రెండొంతుల ఓట్లతో ఒకసారి అడ్డుకోవచ్చు. కమిషనర్‌ను సస్పెండ్ చెయ్యాలంటే మాత్రం, రెండేళ్ళకు మించి జైలు పడే నేరం ఏదో ఒకటి ఆయన మీద మోపబడి ఉండాలి. పనికిరానివాడని తీసేసే వీల్లేదు, జనం మళ్ళీ ఓటేసి దింపే రీకాల్ కూడా లేదు. మన దగ్గర సర్పంచ్ తప్పు చేస్తే కలెక్టర్ సస్పెండ్ చేస్తాడు, మనం దాన్ని దుర్వినియోగం చేస్తున్నాం అది వేరే సంగతి, కానీ అక్కడ ఆ కలెక్టర్ కూడా లేడు. సెప్టెంబర్ 11న ప్యానెల్ రాథరంలో కూర్చుని అవిశ్వాసం ప్రకటించింది. బాధిత కుటుంబాలవాళ్ళు గ్యాలరీలోంచి ఆయన మొహం మీదే నిలదీశారు. ఆ తీర్మానం విలువెంత? కాగితం విలువ. చివరికి సెప్టెంబర్ 16న ఆయనంతట ఆయనే దిగిపోయాడు.

సరే, ఉప ఎన్నిక. 2014 అక్టోబర్ 30. ఇక్కడ నా సొంత గోల కొంచెం చెప్పుకోవాలి, ఏమనుకోకండి. నేనప్పుడు షెఫీల్డ్‌లో వర్క్ వీసా మీద ఉన్నాను. మనం కామన్వెల్త్ దేశంవాళ్ళం కదా, అక్కడ నివాసం ఉంటే పాస్‌పోర్టు మనదే అయినా ఓటు హక్కు ఉంటుంది. అక్కడికొచ్చే మన తెలుగు స్టూడెంట్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, మీ పిల్లలుంటే చెప్పండి. ఆఫీసు నుంచి దిగి వెళ్ళాను. చలికాలం కోసం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారమది, సాయంత్రం ఐదింటికే చీకటి. ఒక చర్చి హాల్లో మడత టేబుల్, ఇద్దరు సిబ్బంది. వాళ్ళ ముందు క్రాస్‌వర్డ్ పేపరు. నేను లోపలికి రాగానే ఇద్దరూ ఎంత సంతోషపడ్డారో! బ్యాలెట్ పేపరు మీద రెండు వరసలు, మొదటి ఎంపిక, రెండో ఎంపిక. దారానికి కట్టిన పెన్సిలు. ఇంకు కూడా కాదండీ, పెన్సిలు! మన గుంటూరు బూత్‌లో ఏజెంట్లు, తోపులాట, వేలికి సిరా అలవాటైన ప్రాణం కదా, ఇది ఎన్నికేనా అనిపించింది. పోలింగ్ మళ్ళీ అదే పదిహేను శాతం దగ్గరే ఆగింది. రాథరంలో అంత జరిగాక కూడా.

గెలిచింది బిల్లింగ్స్. లేబర్ అభ్యర్థి. మొదటి ఎంపిక ఓట్లలోనే సగం మార్కు బొటాబొటిగా దాటాడు. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలనే యూకిప్ పార్టీ తరఫున నిలబడ్డ ఒక మాజీ పోలీసు ఇన్‌స్పెక్టర్ రెండో స్థానం.

ఈయన ఎవరు? పుట్టింది లెస్టర్‌లో, 1942లో. కేంబ్రిడ్జ్‌లో తత్వశాస్త్రం, దైవశాస్త్రం చదివాడు. ఫాదర్ అయ్యాడు. షెఫీల్డ్ సిటీ కౌన్సిల్‌లో అడుగుపెట్టి 1980ల్లో డిప్యూటీ లీడర్ అయ్యాడు. లీడర్ ఎవరో తెలుసా? డేవిడ్ బ్లంకెట్. పుట్టు అంధుడు, తర్వాత దేశానికే హోం మంత్రి అయ్యాడు. ఆ రోజుల్లో ప్రధాని థాచర్‌తో ఢీ అంటే ఢీ అన్న ప్రాంతమిది, పేపర్లు "సోషలిస్ట్ రిపబ్లిక్ ఆఫ్ సౌత్ యార్క్‌షైర్" అని వెక్కిరించేవి. బిల్లింగ్స్ ఆ తర్వాత యూనివర్సిటీలో నీతిశాస్త్రం, యూత్ జస్టిస్ బోర్డు, బీబీసీ రేడియోలో పొద్దున్నే నాలుగు మంచి మాటలు, ఇలా గడిపి, డెబ్బై దాటాక మళ్ళీ ఎన్నికల్లోకి వచ్చాడు. ఆ వయసులో మనవాళ్ళు ఇంకా మంత్రి పదవి కోసం క్యూలో ఉంటారు కాబట్టి వయసు సంగతి నేనేమీ అనను.

రాగానే ఏం చేశాడు? నాకు నచ్చిన పని ఇదొకటి. రాథరం బాధితులు, వాళ్ళ తల్లిదండ్రులతో ఒక ప్యానెల్ పెట్టాడు. ఆఫీసుకు వాళ్ళని పిలిచి పోలీసు అధికారులను ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆ అమ్మాయిలు అప్పటికి పెద్దవాళ్ళయ్యారు. ఒకప్పుడు స్టేషన్లో తమ మాట విననివాళ్ళకి ఇప్పుడు బాధితులతో ఎలా మాట్లాడాలో వాళ్ళే నేర్పారు. ఇది పేపర్లో హెడ్డింగ్ అయ్యే పని కాదు. పోలీసులు ఎక్కడ తప్పారో చూడమని ప్రొఫెసర్ జాన్ డ్రూతో విడిగా విచారణ చేయించాడు, ఆ రిపోర్టు 2016 మార్చిలో వచ్చింది. ఎథిక్స్ ప్యానెల్ ఒకటి పెట్టాడు. పాత కేసుల దర్యాప్తును సౌత్ యార్క్‌షైర్ పోలీసులే కోరి నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి అప్పగించారు, ఆపరేషన్ స్టోవ్‌వుడ్ అని.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. బిల్లింగ్స్ రాకముందే, 2014 ఆగస్టులోనే, సౌత్ యార్క్‌షైర్ పోలీసులు గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఇంటిని సోదా చేశారు. పైన బీబీసీ హెలికాప్టర్ లైవ్. ఆయన మీద ఏ కేసూ నిలవలేదు. 2017లో పోలీసులు ఆయనకు నాలుగు లక్షల పౌండ్లు ఇచ్చుకుని రాజీపడ్డారు. ఎవరి జేబులోంచి? బార్న్స్‌లీలో చిన్న ఇంట్లో ఉండే ముసలాయన కట్టే పన్నులోంచి. ఏటా ఆ పన్ను పెంచి, ఎందుకు పెంచానో జనానికి చెప్పుకోవాల్సింది బిల్లింగ్స్. ఆ పోలీసుల పాత పాపాల బిల్లులన్నీ ఈయన టేబుల్ మీదికొచ్చేవి.

ఇక అసలు ఘట్టం. హిల్స్‌బరో. ఫుట్‌బాల్ తెలిసిన కుర్రాళ్ళకి చెప్పక్కర్లేదు. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం, లివర్‌పూల్ మ్యాచ్. పోలీసులు గేటు తెరిచి జనాన్ని అప్పటికే కిక్కిరిసిన గ్యాలరీలోకి వదిలారు. తొక్కిసలాటలో 96 మంది పోయారు, గాయాలతో బతికిన ఇంకొకాయన 2021లో పోయాక లెక్క 97. ఆ పోలీసులు చేసిందేంటి? తప్పంతా తాగొచ్చిన అభిమానులదే అన్నారు. స్టేట్‌మెంట్లు దిద్దారు. ఆ కుటుంబాలు ఇరవై ఏడేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాయి. మన దగ్గరా తొక్కిసలాటలు జరుగుతాయి, రాజమండ్రి పుష్కరాల్లో 2015లో 27 మంది పోయారు. ఏడాది తిరిగేసరికి మనం మర్చిపోతాం. లివర్‌పూల్ మర్చిపోలేదు.

2016 ఏప్రిల్ 26న జ్యూరీ తేల్చింది. ఆ 96 మందివీ చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలు, అభిమానుల తప్పు ఏమీ లేదు. అప్పటి చీఫ్ కానిస్టేబుల్ డేవిడ్ క్రాంప్టన్. 1989 దుర్ఘటనతో ఆయనకేం సంబంధం లేదు. 2012లోనే దళం తరఫున క్షమాపణ చెప్పినవాడు. తీర్పు రోజు కూడా చెప్పాడు. అయితే విచారణలో పోలీసుల లాయర్లు మళ్ళీ అభిమానుల ప్రవర్తన ఎత్తారని కుటుంబాలు మండిపడుతున్నాయి. మర్నాడు పోలీసు శాఖ ఇంకో ప్రకటన ఇచ్చింది, మేం తప్పులు దాచాలని చూడలేదు, సాక్ష్యాలన్నీ ముందు పెట్టాం అంతే, అన్న ధోరణిలో. క్షమాపణ చెప్పిన మర్నాడే సమర్థింపు! ఆ సాయంత్రమే బిల్లింగ్స్ చీఫ్‌ను సస్పెండ్ చేశాడు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. సస్పెన్షన్ ఏప్రిల్ 27. కమిషనర్ ఎన్నిక ఎప్పుడో తెలుసా? మే 5! ఎనిమిది రోజులు! పైగా క్రాంప్టన్ నవంబర్‌లో రిటైర్ అవుతానని మార్చిలోనే చెప్పేశాడు. అంటే ఎలాగూ వెళ్ళిపోయే మనిషిని, ఓట్లకు వారం ముందు, దేశమంతా టీవీ చూస్తుండగా పక్కన పెట్టాడు. ఇది ధర్మాగ్రహమా, ఎన్నికల లెక్కా? నేను ఆయన్ని దగ్గర్నుంచి గమనించినవాణ్ణి, లెక్కలేసే మనిషి కాదనే నా నమ్మకం. కానీ నా నమ్మకం ఎవరికి కావాలి? ఎన్నికైనవాడి చేతిలో ఈ అధికారం పెడితే ప్రతి నిర్ణయం మీదా ఈ అనుమానం వాలుతుంది, మనిషి ఎంత మంచివాడైనా సరే. మే 5న ఆయన సులువుగానే గెలిచాడు.

ఆ తర్వాత గందరగోళం. తాత్కాలిక చీఫ్‌గా వేసిన డిప్యూటీ, తన పాత ఉద్యోగానికి సంబంధించిన ఒక విచారణ సంగతి పేపర్లకెక్కడంతో ఒక్కరోజులోనే పక్కకి తప్పుకుంది. పక్క జిల్లా నుంచి ఇంకొకర్ని అరువు తెచ్చుకున్నారు. పోలీసుల మీద దేశస్థాయి ఇన్‌స్పెక్టర్, సర్ థామస్ విన్సర్, ఇది న్యాయం కాదని రాతపూర్వకంగా చెప్పాడు. బిల్లింగ్స్ వినలేదు. ప్యానెల్ ఆయన వైపే నిలబడింది. సెప్టెంబర్‌లో క్రాంప్టన్‌ను రాజీనామా చెయ్యమన్నాడు. క్రాంప్టన్ హైకోర్టుకెళ్ళాడు. 2017 జూన్‌లో కోర్టు ఏమంది? సస్పెన్షన్ దగ్గర్నుంచి రాజీనామా అడగడం దాకా అన్నీ కొట్టేసింది! చట్టం ప్రకారం చెల్లవంది.

ఇక్కడ నాకు ఇద్దరు మిత్రులతో ఎప్పుడూ గొడవే. ఒకాయన అంటాడు, జనం ఎన్నుకున్నవాడి నిర్ణయాన్ని ఇద్దరు జడ్జీలు కొట్టేయడమేంటని. ఇంకొకాయన అంటాడు, కోర్టు లేకపోతే టీవీలో గట్టిగా అరిచినవాళ్ళ మాటకి ఎస్పీల ఉద్యోగాలు పోతాయని. నేను రెండోవైపు. ఆ ప్రకటన తెలివితక్కువది, నిజమే, ఆ కుటుంబాల గాయం మీద కారం చల్లింది. కానీ తెలివితక్కువ ప్రకటనకు ఉద్యోగం తియ్యాలా? కోర్టుకు పోయే దారి చీఫ్‌కు ఉంది, అది మంచిదే. మరి రైట్‌ను దింపాలనుకున్న రాథరం తల్లులకు ఏ దారుంది? చీఫ్‌ను తీసెయ్యాలంటే ఇన్‌స్పెక్టర్ అభిప్రాయం, ప్యానెల్ విచారణ, హైకోర్టు. కమిషనర్‌ను తీసెయ్యాలంటే? ఆయన మనసు మారేదాకా కూర్చోవడమే. ఈ ఒక్క కన్నాన్ని 2014 తర్వాత ఏ ప్రభుత్వమూ పూడ్చలేదండీ. ఎన్ని కమిటీలు చెప్పినా సరే.

మిగతా ఏళ్ళు తొందరగా చెప్పేస్తాను, అటువైపు టీ సిద్ధమైనట్టుంది. స్టీఫెన్ వాట్సన్ అనే కొత్త చీఫ్ వచ్చాడు. ఖర్చు తగ్గించాలని తీసేసిన బీట్ పోలీసింగ్‌ను, అంటే ఆ వాడకి ఆ కానిస్టేబులే తిరగడాన్ని, మళ్ళీ తెచ్చారు. వాట్సన్ 2021లో మాంచెస్టర్ వెళ్ళాక లారెన్ పోల్ట్నీ ఆ దళానికి మొదటి మహిళా చీఫ్ అయింది. నన్నడిగితే బిల్లింగ్స్ సాధించింది ఇక్కడుంది, ఆ ఏప్రిల్ సాయంత్రంలో కాదు. ఓర్గ్రీవ్ కాగితాలని ఇంకోటుంది. ఓర్గ్రీవ్ అంటే 1984 జూన్ 18న సమ్మెలో ఉన్న బొగ్గు కార్మికుల మీద పోలీసులు గుర్రాలతో విరుచుకుపడ్డ చోటు. 95 మంది మీద పెట్టిన కేసులు కోర్టులో కుప్పకూలాయి. ఆ పాత పెట్టెలను దుమ్ము దులిపి, ఆర్కివిస్టును పెట్టి, పద్ధతిగా జాబితా చేయించాడు బిల్లింగ్స్. 2016లో హోం మంత్రి ఆంబర్ రడ్ విచారణ అక్కర్లేదంది. ప్రభుత్వం మారాక, 2025లో విచారణ ప్రకటించారు. చైర్మన్ ఎవరో తెలుసా? షెఫీల్డ్ బిషప్! ఆ ఊళ్ళో చర్చికీ పోలీసులకీ ఏదో ఋణానుబంధం ఉన్నట్టుంది.

2020లో జరగాల్సిన ఎన్నిక కోవిడ్ వల్ల 2021కి పోయింది, మళ్ళీ గెలిచాడు. 2024 మేలో, ఎనభై దాటాక, దిగాడు. ఓడిపోయి కాదు, ఆ కుర్చీనే ఎత్తేశారు. ఆ అధికారాలన్నీ సౌత్ యార్క్‌షైర్ మేయర్ ఆలివర్ కాపర్డ్‌కి ఇచ్చారు. ఇప్పుడు బస్సులూ ఆయనే, పోలీసులూ ఆయనే. దేశం మొత్తం మీద కూడా ఈ కమిషనర్లను 2028 మేలో రద్దు చేస్తామని 2025 నవంబర్‌లో ప్రభుత్వం ప్రకటించేసింది. మేయర్ ఉన్నచోట మేయర్‌కి, లేనిచోట కౌన్సిల్ నాయకుల బోర్డుకి. పాత కమిటీ పేరు మార్చుకుని వెనక్కొచ్చినట్టే కదా అని మీరనొచ్చు. నేనూ అదే అన్నాను.

అక్కడెవరో చెయ్యెత్తారు. గట్టిగా చెప్పండి మాస్టారూ... ఆ, మన దగ్గర ఇలాంటిది పెడితే ఎలా ఉంటుందంటున్నారు. మాస్టారూ, 2006 సెప్టెంబర్‌లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. డీజీపీకి కనీసం రెండేళ్ళు, ఎస్పీకి, స్టేషన్ అధికారికి కూడా రెండేళ్ళు కదపొద్దు. రాజకీయ ఒత్తిడి పడకుండా స్టేట్ సెక్యూరిటీ కమిషన్. పోలీసుల మీద ఫిర్యాదులకు జిల్లాకొక కంప్లయింట్స్ అథారిటీ. అవి ఎంతవరకు అమలయ్యాయో మన జిల్లాలో ఎస్పీల బదిలీలు చూసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. జిల్లాకొక పోలీసు నాయకుణ్ణి ఎన్నుకుందామంటే మన పార్టీలు ఎగిరి గంతేస్తాయి, పోలింగ్ పదిహేను శాతం కాదు, ఎనభై దాటుతుంది, అభ్యర్థి ఖర్చు సంగతి మీరే ఊహించుకోండి. నేనైతే ముందు ఆ కంప్లయింట్స్ అథారిటీకి ఒక ఆఫీసు, ఒక ఫోన్ నంబరు, ఫైలు తెరిచే గుమాస్తా ఉన్నారో లేదో అడుగుతాను. ఆర్టీఐ కింద మీరూ అడగొచ్చు, పది రూపాయల ఫీజే. ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా? లేకపోతే టీ చల్లారిపోతోంది, పదండి.